నేను నోరు నొక్కిన అలారం

జనగామలో హనుమకొండ రోడ్డు మీద ఒక మోటారు సైకిళ్ల షోరూం ఉంది. దాని పై అంతస్తులో మా కంట్రోల్ రూం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల్లో సర్కారు ఆఫీసులకు, బడులకు, గ్రంథాలయాలకు ఇంటర్నెట్ లైన్లు నడిపించే కంపెనీ మాది. ఎక్కడైనా లైను తెగినా, బ్యాటరీ దిగిపోయినా, మిషను వేడెక్కినా మా తెర మీద ఒక ఎర్ర గీత పడుతుంది, గంట మోగుతుంది. దాన్నే అలారం అంటాము. గీత పడ్డ చోటికి లైన్‌మన్‌ను పంపించడం, గీత పోయేదాకా చూడడం మా పని.

నేను చేరినప్పుడు ఆ గదిలో నలుగురం. తర్వాత కంపెనీ కొత్త సిస్టం తెచ్చింది. అది మనుషులకంటే బాగా చూస్తుందని ఇద్దరిని తీసేశారు. మూడో ఆమె మహబూబాబాద్ నుంచి రోజూ రైల్లో వచ్చేది. ఆరేళ్లు నా పక్క కుర్చీలో కూర్చుంది. ఆమెను హైదరాబాద్ ఆఫీసుకు బదిలీ చేశారు. ఆ తర్వాత పగటి పూటంతా ఆ గదిలో నేనొక్కదాన్నే. రాత్రి పూట, ఆదివారాలు హైదరాబాద్ వాళ్లు చూసుకుంటారు.

నాకు పెళ్లయింది, నిలవలేదు. దాని గురించి ఇక్కడ చెప్పేదేమీ లేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో తమ్ముడి ఇల్లుంది. పోతే మర్యాద చేస్తారు. మర్యాద చేసే ఇంట్లో రెండు పూటలకంటే ఎక్కువ ఉండలేము. అందుకని జనగామలోనే ఒక గది, వంటిల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నాను. ఆదివారం కూరగాయల అతనితో తప్ప మాట్లాడే పని పడదు. అతను కూడా ఇప్పుడు ధరలు అట్ట ముక్క మీద రాసి పెడుతున్నాడు. సోమవారం పొద్దున మొదటి ఫోను ఎత్తి హలో అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. ఒకసారి అవతలి మనిషి "ఏందమ్మా, సర్ది అయిందా" అని అడిగాడు. అయిందని చెప్పాను.

ఎండాకాలం మొదట్లో హైదరాబాద్ నుంచి మా మేనేజర్ ఫోన్ చేశాడు.

"మేడం, ఇప్పటిదాకా మనకున్నవన్నీ మిషన్ అలారాలు. ఫలానా మిషన్ ఆగిపోయిందని చెప్తాయి, అంతే. దాని వల్ల ఎవరి పని ఆగిందో చెప్పవు. ఇకనుంచి సర్వీస్ అలారం ఉండాలని రూల్ వచ్చింది. ప్రతి లైను చివర ఏ ఆఫీసు ఉంది, అక్కడ ఎవరు ఉంటారు, తెగితే ముందు ఎవరికి ఫోన్ పోవాలి, ఎన్ని నిమిషాలు ఆగి మోగాలి, అన్నీ సిస్టంలో పెట్టాలి."

"ఎవరెవరు చేస్తున్నారు సార్?"

"మీరే."

వందల లైన్లు. ఒక్కొక్క దాన్ని తెరిచి, అది ఏయే మిషన్ల గుండా పోతుందో వరస కట్టి, చివర ఉన్న ఆఫీసుకు ఫోన్ చేసి, మనిషి పేరు, నంబరు రాసుకుని, ఆ తర్వాత అలారం పెట్టాలి. మొదట కష్టమనిపించింది. నాలుగు రోజులకు నాకే ఆశ్చర్యం, పొద్దున ఆఫీసుకు పోవాలనిపించేది. ఎందుకంటే నాకు మనుషులతో మాట్లాడడానికి ఒక కారణం దొరికింది.

దేవరుప్పుల వైపు ఒక ఆఫీసులో ఫోనెత్తిన పెద్దాయన, "ఇంటర్నెట్ నుంచి మాట్లాడుతున్నరా? మరి మా పెన్షన్ ముచ్చట మీకెరుకనా?" అని పావుగంట వదలలేదు. జఫర్‌గఢ్ దగ్గర ఒక బడిలో పంతులమ్మ, "జర ఆగుండ్రి మేడం, పిల్లలు అన్నాలు తింటున్రు" అని ఫోన్ బల్ల మీద పెట్టింది. పది నిమిషాల దాకా రాలేదు. నేను పెట్టేయలేదు. గిన్నెల చప్పుడు, పిల్లల కేకలు వింటూ నా డబ్బా కూడా మూత తీసుకుని తిన్నాను. మహబూబాబాద్‌లో ఒక గుమాస్తా భార్య ఫోనెత్తి, "నువ్వెవలు? మా ఆయన నంబరు నీకెందుకు?" అని నిలదీసింది. అలారం అంటే ఏమిటో ఆమెకు మొదటి నుంచి చెప్పేసరికి నాకు నవ్వు వచ్చింది, చివరికి ఆమెకూ వచ్చింది. "గట్లనా! నేనేమో ఏదేదో అనుకున్న" అంది.

జనగామ అయిపోయింది. మహబూబాబాద్ అయిపోయింది. భూపాలపల్లి మొదలుపెట్టాను. అక్కడే ఆ లైను దొరికింది.

అది భూపాలపల్లి దాటి అడవి వైపు ఉన్న ఒక మండలంలోని చిన్న గ్రంథాలయానిది. ఊరి పేరు రాయను. లైను తెరిచి చూస్తే పక్కన చిన్న బూడిద రంగు గుర్తు ఉంది. మాస్క్ చేసిన లైన్లకు ఆ గుర్తు ఉంటుంది. మాస్క్ చేయడమంటే, అలారం వచ్చినా తెర మీద కనపడకుండా, మోగకుండా నోరు నొక్కిపెట్టడం. ఎక్కడైనా మరమ్మతు నడుస్తుంటే ఒక గంటకో రెండు గంటలకో అట్లా పెట్టి, పని కాగానే తీసేస్తాము. ఈ లైనుకు పెట్టి ఎనిమిది నెలలయింది. ఎవరు పెట్టారో చూశాను. నా పేరే ఉంది.

తారీఖు చూడగానే గుర్తొచ్చింది. అది నా పక్క కుర్చీ ఆమె ఆఖరి రోజు. వానలు పడుతున్నాయి. భూపాలపల్లి వైపు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మిషను తవ్వినప్పుడల్లా కేబుల్ తెగుతోంది, కలుపుతున్నారు, మళ్లీ తెగుతోంది. మధ్యాహ్నం కింద షోరూం వాళ్లను కూడా పిలిచి సమోసాలు, కూల్‌డ్రింకు తెప్పించాము. ఆమె ఏదో చెప్పబోతూ లేచి నిలబడింది. అలారం మోగింది. ఆపాను. మళ్లీ నోరు తెరిచింది, మళ్లీ మోగింది. మూడోసారి నేను ఆ ప్రాంతంలో మోగుతున్న నాలుగైదు లైన్లకు మాస్క్ పెట్టేశాను, రేపు పొద్దున తీద్దామని. ఆమె అప్పుడు చెప్పింది కూడా పెద్ద మాటేం కాదు. "టైంకు తిను అక్కా, తెర ముందట కూసుంటె నీకు ఆకలి యాదికుండదు" అంది. అంతే. మర్నాడు గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. మిగతా లైన్లకు మాస్క్ తీసినట్టుంది. ఈ ఒక్కటి మరిచిపోయాను.

పెద్ద కేబుల్‌ను తర్వాత బాగుచేశారు. దాని నుంచి గ్రంథాలయానికి చీలే చిన్న తీగ తెగే ఉండిపోయింది. అది తెగిందని చెప్పవలసిన గంటను నేను నొక్కేశాను కదా, ఎవరికీ తెలియలేదు.

ఫిర్యాదుల పేజీ తెరిచాను. ఆ గ్రంథాలయం నుంచి ఏడు ఫిర్యాదులు ఉన్నాయి. ప్రతి దాని కింద ఒకటే వాక్యం: "అలారం ఏమీ లేదు. లైను బాగుంది. ఫిర్యాదు ముగించడమైనది." హైదరాబాద్‌లో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే వాళ్ల తప్పు కాదు అది. వాళ్లు తెర చూసి చెప్పారు. తెర నేను చెప్పమన్నది చెప్పింది.

అక్కడి నుంచే మాస్క్ తీసేసి, భూపాలపల్లి లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే సరిపోయేది. ఎవరూ అడిగేవాళ్లు కాదు. మాస్క్ తీశాను. గంట మోగింది, ఎర్ర గీత పడింది. ఆ మోత వింటూ కాసేపు కూర్చున్నాను. తర్వాత మేనేజర్‌కు ఫోన్ చేసి, ఒక చోటికి పోయి చూడాల్సి ఉంది, రేపు గదిలో ఉండనని చెప్పాను.

జనగామ నుంచి హనుమకొండ, అక్కడి నుంచి పరకాల మీదుగా భూపాలపల్లి బస్సు. బస్సు నిండా గని డ్యూటీకి పోయేవాళ్లు, ఒళ్లో డబ్బాలు పెట్టుకుని నిద్రపోతున్నారు. ఏళ్ల తరబడి ఈ ఊళ్లన్నీ నాకు తెర మీద చుక్కలుగా తెలుసు. ఏ చుక్క తర్వాత ఏ చుక్క వస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలను. కిటికీలోంచి చూస్తే ఒక్కటీ గుర్తుపట్టలేకపోయాను.

లైన్‌మన్ బస్టాండు దగ్గర బండితో ఉన్నాడు. మా ఇద్దరికీ ఐదారేళ్లుగా ఫోన్లో పరిచయం, చూసుకోవడం అదే మొదటిసారి. "మేడం మీరేనా? గొంతును బట్టి ఇంకా పెద్దోళ్లనుకున్న" అన్నాడు. గ్రంథాలయం దగ్గర నన్ను దింపి, తీగ ఎక్కడ తెగిందో చూస్తానని తను రోడ్డు వైపు పోయాడు.

రెండు గదుల బిల్డింగు. ముందు గదిలో బల్లలు, పేపర్లు. లోపలి గదిలో మూడు కంప్యూటర్లు. ఒక్కో దాని మీద పాత చీర కత్తిరించి కుట్టిన గుడ్డ కప్పి ఉంది. ఒక పెద్దమనిషి, అరవైకి దగ్గర, తెల్లటి గడ్డం, మోచేతుల దాకా మడిచిన చొక్కా, తడిగుడ్డతో బల్ల తుడుస్తున్నాడు. ఆ గ్రంథాలయానికి అటెండరు, లైబ్రేరియను, ఊడ్చేవాడు అన్నీ ఆయనే. మరో మనిషి లేడు.

"కూసోండి మేడం. పేపర్ సదువుతరా?" అన్నాడు.

ఇంటర్నెట్ ఆఫీసు నుంచి వచ్చానని చెప్పాను. ఆయన గుడ్డ పక్కన పెట్టి, నన్ను పైకీ కిందికీ చూశాడు.

"వచ్చిన్రా? ఎనిమిది నెలల సంది పరేషాన్ అయితున్న. ఫోన్ చేసినప్పుడల్లా మీ లైను మంచిగనే ఉన్నది అంటున్రు. మంచిగుంటె మరి ఎందుకు రాదు? నాకే సరిగ్గ కనిపిస్తలేదేమో అనుకున్న. వరంగల్ దవాఖానకు వోయి కండ్లు సూపిచ్చుకున్న. గివి గా అద్దాలే."

జేబులోంచి కళ్లద్దాలు తీసి చూపించాడు. నవ్వుతున్నాడో ఏమో తెలియలేదు.

"అద్దాలు పెట్టుకుని సూసినా రాలే. నాకు సదువు తక్కువ, ఏదో ఒత్తరానిది ఒత్తిన కావచ్చు, నా చేతులనే ఖరాబైంది కావచ్చు అనుకున్న. గింకో రెండు నెలలైతె రిటైర్ అయిత. పోయేటప్పుడు మిషన్లు ఖరాబు జేసి పోయిండు అంటరని భయం. ఎవలకు చెప్పలే."

నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. కూర్చోమని మళ్లీ చెప్పాడు. కూర్చున్నాను.

"మునుపు ఎవరైనా వచ్చేవాళ్లా?"

"ఎవరైన అంటరా! కూసునే జాగ ఉండకపోయేది. తండాల నుంచి ఆడపిల్లలు వచ్చేది, నౌకరి పరీక్షలకు సదువుకునేటోళ్లు. గా మిషన్ల మీదనే ఫారాలు నింపుకునేది, పాత పరీక్ష కాగితాలు సూసుకునేది. వాళ్ల భాషల వాళ్లు మాట్లాడుకునేది, నాతోని తెలుగుల. చాచా, చాచా అని పానం తీసేది. లైను పోయినంక ఒక్కొక్కలే బందువెట్టిన్రు. ఇప్పుడు పొద్దున ఇద్దరు ముసలోళ్లు పేపర్ కొరకు వస్తరు. పదకొండు దాటితె నేనే, గీ బుక్కులే."

పదకొండు దాటి చాలాసేపయింది. ఫ్యాను తిరుగుతోంది. బయట ఏ చప్పుడూ లేదు. నేను మా గది గురించి చెప్పాలనుకున్నాను, అక్కడా ఇట్లాగే ఉంటుందని. చెప్పడానికి నాకేం హక్కు ఉందనిపించి ఊరుకున్నాను.

లైన్‌మన్ ఫోన్ చేశాడు. కల్వర్టు పక్కన గుంతలో తీగ తెగి ఉంది, మట్టి కప్పేసింది, కలపడానికి రెండు గంటలు పడుతుందని చెప్పాడు. ఆ రెండు గంటలు ఏమీ చెప్పకుండా కూర్చోగలననుకున్నాను. పావుగంట కూడా కాలేదు.

"భాయ్, మీ చేతుల ఏం తప్పు లేదు," అన్నాను. "మీ లైను తెగితే మా దగ్గర గంట కొడ్తది. ఆ గంట నేనే బందు పెట్టిన. తీసుడు మర్చిపోయిన. అందుకే మీకు బాగున్నదని చెప్పిన్రు."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది.

"మీరా?"

"నేనే."

"ఎందుకు మరి?"

"ఆ రోజు మాతోని పనిచేసే ఆమె పోతుండె. ఏదో చెప్తుండె. మోత ఎక్కువుండె."

ఆయనకు కోపం వస్తే బాగుండుననిపించింది. చేతిలోని కళ్లద్దాలు బల్ల మీద పెట్టాడు.

"ఒక పిల్ల ఉండె," అన్నాడు. "మస్తు సదివేది. ఆఖరు దినం నౌకరి పరీక్ష ఫారం నింపుత అని వచ్చింది. లైను లేదు. భూపాలపల్లికి ఉరికింది. పోయేసరికి నెట్ దుకాణం బందు. గా పరీక్ష రాయలే. నువ్వు ఆ పిల్లకు చెప్తవా గీ ముచ్చట?"

మీరు పోయి నువ్వు వచ్చిందని అప్పుడు గమనించలేదు. ఆయన తన ఫోన్లో నంబరు తీసి, కలిపి, "బేటా, నేను చాచాను. ఒక మేడం మాట్లాడుతది" అని నాకిచ్చాడు.

అవతల గాలి, ఆడవాళ్ల మాటలు. మిరప తోటలో ఉన్నానని చెప్పింది ఆ అమ్మాయి. ఖమ్మం వైపు మిరప ఏరడానికి ఇంట్లో వాళ్లందరితో పోయిందట. నేను చెప్పవలసింది చెప్పాను. బస్సులో కూర్చుని ఎట్లా చెప్పాలో అనుకున్న మాటలేవీ ఇక్కడ పనికి రాలేదు. గంట మూసింది నేను, మరిచిపోయింది నేను, నీ పరీక్ష నా వల్ల పోయింది అన్నాను.

ఆమె పక్కకు జరిగినట్టుంది, ఆడవాళ్ల మాటలు దూరమయ్యాయి.

"నేను ఆల్శంగ పోయిన్నని మా నాయిన తిట్టిండు మేడం," అంది. "నాది తప్పనుకున్న."

"నీ తప్పు లేదు బిడ్డా."

"ఇప్పుడు లైను వచ్చిందా?"

"ఇంకో గంటన్నరకు వస్తది."

"సరే మేడం. పని ఉన్నది." పెట్టేసింది.

తిట్టలేదు, పర్వాలేదనీ అనలేదు. ఆ రెండింటిలో ఏదో ఒకటి అంటుందని నేను అనుకున్నాను. ఫోన్ ఆయనకు తిరిగిచ్చాను. ఆయన నా మొహం చూసి లోపలికి పోయి కుండలోంచి నీళ్లు తెచ్చాడు. "తాగు చెల్లె," అన్నాడు.

మూడు గంటలప్పుడు లైను వచ్చింది. ఆయన ఒక్కొక్క కంప్యూటర్ మీది గుడ్డ తీసి, మడిచి, కుర్చీ మీద పెట్టి, నన్ను నొక్కనివ్వకుండా తనే నొక్కాడు. పేజీ తెరుచుకుంది. "ఆ, వచ్చింది," అన్నాడు, ఎవరో రావలసిన వాళ్లు వచ్చినట్టు. నేను ఆ బల్ల మీదే నా ల్యాప్‌టాప్ పెట్టి ఆ లైనుకు సర్వీస్ అలారం పెట్టాను. ఒక్కొక్క ఖాళీ నింపుతూ ఆయనకు చెప్పాను. ఐదు నిమిషాలకంటే ఎక్కువ తెగితే మోగుతుంది. ముందు లైన్‌మన్‌కు పోతుంది, తర్వాత నాకు. నేను మీకు ఫోన్ చేసి అడుగుతాను. ఆయన తన పేరు తెర మీద ఎట్లా రాశానో అద్దాలు పెట్టుకుని చూసి, ఒక అక్షరం దిద్దించాడు.

గ్రంథాలయాలకు అలారం తక్కువ స్థాయిలో, పసుపు రంగులో పెట్టమని రూలు. నేను ఎరుపు పెట్టాను. రెండు రోజులకు మేనేజర్ ఫోన్ చేశాడు.

"లైబ్రరీకి రెడ్ ఏంటి మేడం? కలెక్టరేట్లకు పెట్టేది అది."

జరిగిందంతా చెప్పాను. ఆయన గొంతు తగ్గించాడు. "ఇది మెయిల్లో మాత్రం రాయకండి. నాకు చెప్పారు కదా, చాలు."

ఆ సాయంత్రం రాశాను. మాస్క్ పెడితే ఒక రోజు దాటగానే దానంతట అదే పోయేట్టు సిస్టంలో మార్చాలని కూడా రాశాను. కొన్నాళ్లకు నాకు హెచ్చరిక ఉత్తరం వచ్చింది. ఇంకొన్నాళ్లకు సిస్టంలో ఆ మార్పూ వచ్చింది. ఎందుకు వచ్చిందో ఎవరూ అడగలేదు. ఎరుపు రంగు మాత్రం వాళ్లే పసుపు చేశారు.

ఆ రెండు నెలల్లో ఆ లైను మూడుసార్లు తెగింది. మూడుసార్లూ ఫోన్ చేశాను. ఒకసారి, "ఏం లేదు చెల్లె, గాలిదుమారానికి కరెంటు వోయింది" అన్నాడు. ఇంకొకసారి వెనుక ఆడపిల్లల గొంతులు వినపడ్డాయి, నలుగురైదుగురు ఉంటారు. "జోర్‌గ మాట్లాడకుండ్రి, ఫోన్ల ఉన్న" అని వాళ్లను కసిరాడు. ఆ పిల్ల వచ్చిందా అని అడిగాను. రాలేదన్నాడు. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ తర్వాత కొన్ని మధ్యాహ్నాలు ఆ లైను తెగకుండా ఆకుపచ్చగా ఉండడం చూసి, ఒక్క ఆరు నిమిషాలు తెగితే ఏమవుతుంది అనిపించేది. ఆరు నిమిషాలు తెగితే మాట్లాడవచ్చు.

ఆయన రిటైరయ్యాడు. నేను ఆయన పేరు తీసేసి కొత్తగా వచ్చిన అతని పేరు పెట్టి, నంబరు సరిచూసుకోవడానికి ఫోన్ చేశాను. "ఓకే మేడం" అని పెట్టేశాడు అతను. మంచి పనిమంతుడే, తర్వాత తెలిసింది.

పది రోజులకు ఒక మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. ఆయనే, ఇంటి నుంచి.

"చెల్లె, లైను ఎట్లున్నది?"

చూశాను. "మంచిగనే ఉన్నది భాయ్."

"మంచిగున్నదా."

"ఆ, మంచిగున్నది."

"సరే మరి."

మా మధ్య ఇంకో ముచ్చట ఏదీ లేదు. ఆయనకు ఇక ఆ లైనుతో పని లేదు, నాకు ఆయన నంబరుతో పని లేదు. అయినా ఆయన పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు. అవతల గోడ గడియారమో ఏదో టక టక మంటోంది.

"అన్నం తిన్నవా?" అని అడిగాడు.

"ఇంకా లేదు భాయ్. మీరు తిన్నరా?"

"ఇప్పుడే కూసుంటున్న," అన్నాడు. "నువ్వు గూడ కూసో."